మీ లినక్స్‌కి కాపలా పెట్టారా?

బయట వాన ఇప్పట్లో తగ్గేలా లేదు. మన అండమాన్ దీవుల్లో మే నెలలో పట్టుకున్న ముసురు డిసెంబరు దాకా వదలదు గదా, కబుర్లకు ఇంతకంటే మంచి అదను ఏముంటుంది? ఇవాళ నేను ఎత్తుకునే కబురు కంప్యూటరుది. ఇంట్లో కొత్తగా లినక్స్ వేసుకున్నవాళ్లు ఏ ఫైర్‌వాల్ పెట్టుకుంటే తేలిక, ఎందుకు పెట్టుకోవాలి, పెట్టుకున్నాక ఏం చూసుకోవాలి, ఇవే మాటలు.

ఇప్పుడే ఎందుకంటారా? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలుగా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఒప్పుకోని పాత ల్యాప్‌టాప్‌లు ఎన్నో ఇళ్లలో ఉన్నాయి. పనిచేసే యంత్రాన్ని అటక మీద పడేయడానికి మనసు ఒప్పదు. అలాంటి వాటిలో లినక్స్ మింటో, ఉబుంటునో వేసుకుని మళ్లీ వాడుకోవడం చాలా మంచి పని, నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. అయితే వేసుకున్న మర్నాడే రెండు రకాల సలహాలు చెవిన పడతాయి. లినక్స్‌కి వైరస్ రాదు, ఫైర్‌వాల్ గోల నీకెందుకు అంటారు ఒకరు. ముందు ఐపీటేబుల్స్ అంతా నేర్చుకో, అప్పుడు మాట్లాడు అంటారు ఇంకొకరు. మొదటి మాట విన్నవాళ్లు ఏమీ పెట్టుకోరు. రెండో మాట విన్నవాళ్లు భయపడి ఏమీ పెట్టుకోరు. ఫలితం ఒక్కటే. అందుకే ఈ రెంటికీ మధ్య ఉన్న తేలిక దారి మీకు చూపించాలని నా తాపత్రయం.

ముందు మన నెట్ సంగతి కాస్త గుర్తు చేసుకుందాం. విశాఖ నుంచి సుమారు 1,200 కిలోమీటర్ల సముద్రం దాటి ఉన్నాం మనం. చాలాకాలం మన ఇంటర్నెట్ అంతా ఉపగ్రహాల మీదే ఆధారపడింది. ఖరీదు ఎక్కువ, వేగం తక్కువ. ఆ తర్వాత చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశారు. 2018 డిసెంబరు 30న శంకుస్థాపన, 2020 ఆగస్టు 10న ప్రారంభం. బీఎస్‌ఎన్‌ఎల్ చేతుల మీదుగా జరిగిన పని, సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్, దాదాపు 1,224 కోట్ల రూపాయల ఖర్చు. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న మన పోర్ట్ బ్లెయిర్‌తో పాటు స్వరాజ్ ద్వీప్, లిటిల్ అండమాన్, కార్ నికోబార్, కమోర్టా, గ్రేట్ నికోబార్, లాంగ్ ఐలాండ్, రంగత్‌లకూ ఆ తీగ వెళ్లింది. ఆ రోజు ఇక్కడి జనం పొందిన సంతోషం చిన్నది కాదు. పిల్లల చదువులు, ఆసుపత్రి పనులు, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మతో వీడియోలో మాట్లాడుకోవడం, అన్నీ తేలికయ్యాయి.

కానీ ఆ కేబుల్‌తో మన బతుకులో ఇంకో మార్పు కూడా వచ్చింది. నెట్ అవసరమైనప్పుడు కాసేపు పెట్టుకుని, పని అవగానే తీసేసే రోజులు పోయాయి. ఇప్పుడు ఇంట్లో రౌటరు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. ల్యాప్‌టాప్ మూత తెరిస్తే చాలు, అది లోకంతో కలిసిపోతుంది.

మారుమూల దీవిలో ఉన్న నా కంప్యూటరుతో ఎవరికేం పని అని మీరు అనుకోవచ్చు. నిజమే, మీ పేరు చూసి వచ్చేవాళ్లు దాదాపు ఉండరు. వచ్చేవి ప్రోగ్రాములు. అవి అడ్రసులను వరసగా తడుముకుంటూ పోతాయి. 2013లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయం వాళ్లు జీమ్యాప్ అనే పరికరాన్ని తయారుచేసి, మంచి వేగం ఉన్న ఒకే ఒక కంప్యూటరుతో మొత్తం ఐపీవీ4 అడ్రసులన్నిటినీ 45 నిమిషాల లోపే తట్టి చూడవచ్చని రుజువు చేశారు. ఆ అడ్రసులు నాలుగు వందల కోట్లకు పైమాటే. వాళ్లు పరిశోధన కోసం చేశారు, మంచిదే. అదే పని చెడ్డ ఉద్దేశంతో చేసేవాళ్లకీ అంతే సులువు. అండమాన్ అయినా అమలాపురం అయినా ఆ తట్టే చేతికి తేడా లేదు.

సరే, ఇంతకీ ఫైర్‌వాల్ చేసే పని ఏమిటి? మన జంగ్లీఘాట్ జెట్టీని తలచుకోండి. అక్కడ ఒక కాపలావాడు పుస్తకం పట్టుకుని కూర్చున్నాడనుకుందాం. ఇక్కడి నుంచి వేటకు వెళ్లిన ప్రతి పడవనూ రాసుకుంటాడు. అది తిరిగి వస్తే ఆపకుండా లోపలికి వదులుతాడు. పుస్తకంలో లేని పడవ తనంతట తాను వస్తే నిలిపేస్తాడు. మీరు బ్రౌజరులో ఒక పేజీ అడిగారంటే మీ పడవ బయటికి వెళ్లినట్టు, జవాబుగా వచ్చే పేజీ తిరిగొచ్చిన పడవ. అడగకుండా వచ్చినదాన్ని మాత్రం ఆపాలి. ఇంట్లో వాడుకునే కంప్యూటరుకు కావలసిన నియమం ఇంతే: మనం బయటికి పంపేది వెళ్లనివ్వు, మనం అడగనిది లోపలికి రానివ్వకు. ఈ ఒక్క వాక్యం గుర్తుంటే మిగతాదంతా సర్దుకోవడమే.

ఇంకో మంచి వార్త ఏమిటంటే, ఆ కాపలావాడు మీ లినక్స్‌లో ముందే ఉన్నాడు. దానికి గుండె లాంటి కెర్నెల్ లోపలే నెట్‌ఫిల్టర్ అనే ఏర్పాటు ఉంది. ఆస్ట్రేలియాకు చెందిన రస్టీ రస్సెల్ 1998లో దాన్ని మొదలుపెట్టారు. 2001 జనవరిలో వచ్చిన 2.4 కెర్నెల్‌తో అది, దానికి నియమాలు రాసే ఐపీటేబుల్స్‌తో కలిసి అందరికీ అందింది. 2014 జనవరిలో 3.13 కెర్నెల్‌తో ఎన్‌ఎఫ్‌టేబుల్స్ అనే కొత్త పద్ధతి వచ్చి చేరింది. కాబట్టి మీరు ఏ ఫైర్‌వాల్ ఎంచుకున్నా, అడుగున పనిచేసేది చాలామటుకు ఇదే. అది చాలదేమో, ఇది గట్టిదేమో అని బెంగపడక్కర్లేదు. మీరు ఎంచుకునేది ఆ కాపలావాడితో మాట్లాడే తీరును. అందుకే నేను చెప్పే సలహా ఒక్కటే: మీకు అర్థమయ్యే తీరును ఎంచుకోండి. అర్థంకాని ఫైర్‌వాల్‌ను ఏదో ఒక రోజు విసుగొచ్చి ఆపేస్తారు. అర్థమైనదాన్ని మాత్రం నిలబెట్టుకుంటారు.

ఆ లెక్కన చూస్తే మింట్, ఉబుంటు వాడేవాళ్లకు నా ఓటు యూఎఫ్‌డబ్ల్యూకే. కొత్తవాళ్లను గాభరా పెట్టకూడదనే ఉద్దేశంతోనే దాన్ని తయారుచేశారు. ఉబుంటు వెనక ఉన్న కెనానికల్ సంస్థలో జేమీ స్ట్రాండ్‌బోజ్ రాసిన పరికరం ఇది, 2008 ఏప్రిల్‌లో ఉబుంటు 8.04తో వచ్చింది. దానికి ముఖం లాంటిది జీయూఎఫ్‌డబ్ల్యూ, అంటే బొత్తాలతో, కిటికీతో కనిపించే రూపం. మింట్‌లో మెనూ తెరిచి ఫైర్‌వాల్ అని కొడితే అదే వస్తుంది. ఉబుంటులో సాఫ్ట్‌వేర్ దుకాణం నుంచి ఉచితంగా వేసుకోవాలి.

ఒక్క విషయం బాగా చెవిన వేసుకోండి. యూఎఫ్‌డబ్ల్యూ మీ కంప్యూటరులో ఉంటుంది గానీ, మీరు ఆన్ చేసేదాకా పని మొదలుపెట్టదు. ఎంతోమంది పేరు చూసి, ఉందిలే అనుకుని వదిలేస్తారు. జీయూఎఫ్‌డబ్ల్యూ తెరిచి స్టేటస్ దగ్గర ఉన్న స్విచ్ నొక్కండి. ఇన్‌కమింగ్ దగ్గర డెనై అని, అవుట్‌గోయింగ్ దగ్గర అలో అని ఉందో లేదో చూడండి. ఉంటే అయిపోయినట్టే. జెట్టీ కాపలావాడికి చెప్పిన నియమమే అక్కడ రెండు పెట్టెల్లో కనిపిస్తుంది. టెర్మినల్ అలవాటున్నవాళ్లు సుడో యూఎఫ్‌డబ్ల్యూ ఎనేబుల్ అని మూడు మాటలు కొడితే చాలు. కంప్యూటరు ఆపి మళ్లీ పెట్టినా అది తనంతట తాను లేచి కూర్చుంటుంది.

ఆ కిటికీలోనే రిపోర్ట్ అనే పలక ఉంటుంది. నా మాట విని ఒకసారి దాన్ని తెరవండి. మీ కంప్యూటరులో ఏయే ప్రోగ్రాములు ఏయే పోర్టు నంబర్ల దగ్గర, అంటే ఏయే తలుపుల దగ్గర, చెవి ఒగ్గి కూర్చున్నాయో అక్కడ వరసగా కనిపిస్తుంది. ఇలాంటి నంబర్లు 65,535 దాకా ఉంటాయి, వాడుకలో ఉండేవి కొన్నే. చాలామందికి తమ కంప్యూటరు గురించి నిజంగా తెలిసేది ఆ పలక చూసిన రోజునే. నేను ఏమీ పెట్టలేదే, ఇదేమిటి వింటోంది అనే ప్రశ్న పుడుతుంది. ఆ ప్రశ్న పుట్టడమే భద్రతలో మొదటి పాఠం.

ఆ ప్రశ్న ఎంత విలువైనదో 2024 సెప్టెంబరులో లోకానికి తెలిసింది. ఇటలీకి చెందిన సిమోన్ మార్గరిటెల్లి అనే భద్రతా పరిశోధకుడు తన కంప్యూటరులో ఇలాగే చూస్తుంటే, ప్రింటర్లను వెతికిపెట్టే కప్స్-బ్రౌజ్డ్ అనే చిన్న సేవ 631 నంబరు పోర్టులో ఎవరు పలకరించినా వినేలా కూర్చుని ఉంది. దాని వెంట పోయి చూస్తే, బయటివాడు ఒక దొంగ ప్రింటరును మన జాబితాలోకి ఎక్కించవచ్చని, మనం పొరపాటున దానికి ప్రింట్ ఇస్తే వాడి ఆజ్ఞ మన కంప్యూటరులో నడుస్తుందని బయటపడింది. సెప్టెంబరు 26న ఆయన ఆ వివరాలు వెల్లడించారు. వెంటనే సరిదిద్దే అప్‌డేట్లు వచ్చాయి. కానీ ఆ అప్‌డేట్ చేరేలోగా, అడగనిది లోపలికి రానివ్వకు అని నియమం పెట్టుకున్న ఇంట్లో ఆ 631 దారి ముందే మూసి ఉంది. లినక్స్‌కి ఫైర్‌వాల్ ఎందుకు అనేవాళ్లకు నేను చెప్పే జవాబు ఇదే. ఎంత శ్రద్ధగా రాసిన సాఫ్ట్‌వేర్‌లోనైనా ఎవరూ చూడని కన్నం ఒకటి మిగిలి ఉండవచ్చు. దాన్ని కనిపెట్టేదాకా మనల్ని కాచేది ఈ చిన్న నియమమే.

రౌటరు ఉందిగదా, అది ఆపదా అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. ఇంటి రౌటరు ఐపీవీ4లో ఇంట్లో ఉన్నవాటినన్నిటినీ ఒకే అడ్రసు వెనక దాస్తుంది కాబట్టి బయటి నుంచి వచ్చే పిలుపులు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. కానీ కొత్త రకం అడ్రసులైన ఐపీవీ6లో ఒక్కో యంత్రానికి బయటికి కనిపించే అడ్రసే దక్కవచ్చు, అప్పుడు రౌటరులోని సర్దుబాటు ఎలా ఉందన్నదాని మీదే అంతా ఆధారపడుతుంది. పైగా అదే వై-ఫైలో ఉన్న ఇంకో యంత్రం పాడైతే, దాని నుంచి మీ కంప్యూటరును రౌటరు కాయదు. అన్నిటికంటే పెద్ద సంగతి, రౌటరు ఇంట్లోనే ఉండిపోతుంది, ల్యాప్‌టాప్ ఉండదు. పిల్లవాడు చదువుకోసం ఓడెక్కి విశాఖ వెళ్తే హాస్టల్ వై-ఫైకి కలుపుతాడు. స్వరాజ్ ద్వీప్‌లో లాడ్జి నడిపే మనిషి అతిథులందరూ వాడే వై-ఫైలోనే తన లెక్కల కంప్యూటరునూ పెడతాడు. 2011 జనాభా లెక్కల్లో ఈ దీవుల జనంలో నూటికి దాదాపు 13 మంది తెలుగువాళ్లం. మనలో ఎక్కువమందివి ఇలా అటూ ఇటూ రాకపోకలు సాగించే కుటుంబాలే. కంప్యూటరుతో పాటు ప్రయాణం చేసే కాపలా మనకు మరీ అవసరం.

మింట్, ఉబుంటు కాకుండా ఫెడోరా వేసుకున్నవాళ్లకు వేరే సంగతి. అక్కడ రెడ్ హ్యాట్ నుంచి వచ్చిన ఫైర్‌వాల్‌డీ ముందే ఆన్‌లో ఉంటుంది. దీనిలో జోన్లు అనే ఏర్పాటు ఉంది, ఇల్లు, బయటి చోటు అంటూ ఒక్కో చోటికి ఒక్కో నియమావళి. అయితే ఫెడోరా వర్క్‌స్టేషన్‌కు పెట్టిన జోన్ 1025 నుంచి పైనున్న పోర్టులన్నిటినీ తెరిచే ఉంచుతుంది. ఇంట్లో ఇబ్బంది రాకూడదని వాళ్లు అలా పెట్టారు. ల్యాప్‌టాప్ బయట తిప్పేవాళ్లు దాన్ని పబ్లిక్ అనే జోన్‌కి మార్చుకుంటే మంచిది. డెబియన్‌లో, దాని మీద మన ప్రభుత్వ సంస్థ సీ-డాక్ కట్టిన బాస్ లినక్స్‌లో యూఎఫ్‌డబ్ల్యూ మీరే వేసుకోవచ్చు. ఒకటి మాత్రం మరవకండి, రెండు ఫైర్‌వాల్‌లు ఒకేసారి పెట్టకండి. ఒకదాని నియమం ఇంకోదానికి అడ్డుతగిలి, ఏది ఎందుకు ఆగిందో తెలియని చిక్కు వస్తుంది.

పీఎఫ్‌సెన్స్, ఓపీఎన్‌సెన్స్ అనే పేర్లు కూడా మీకు తగులుతాయి. గొప్ప పరికరాలే, కానీ వాటికి ఒక యంత్రాన్ని ప్రత్యేకంగా కేటాయించాలి. ఆఫీసులకు, లాడ్జీలకు సరే. ఒక్క ల్యాప్‌టాప్ ఉన్న ఇంటికి అక్కర్లేదు. ఇక ఓపెన్‌స్నిచ్ అని ఒకటి ఉంది. 631 పోర్టు కన్నాన్ని కనిపెట్టిన మార్గరిటెల్లి గారే దాన్నీ మొదలుపెట్టారు. అది బయటికి వెళ్లే వాటిని చూస్తుంది. ఏ ప్రోగ్రాము ఎక్కడికి మాట్లాడబోతోందో చూపించి, పంపనా వద్దా అని మిమ్మల్ని అడుగుతుంది. నేర్చుకోవాలన్న ఆసక్తి ఉన్నవాళ్లకు అది బంగారం. కానీ మొదటి రోజే పెట్టుకుంటే అడిగిన ప్రతిదానికీ సరే, సరే అని నొక్కే అలవాటు పడుతుంది, ఆ అలవాటు మంచిది కాదు. ముందు యూఎఫ్‌డబ్ల్యూతో కుదురుకోండి, తర్వాత దాని వైపు వెళ్లండి.

ఫైర్‌వాల్ పెట్టిన వారంలో ఏదో ఒకటి ఆగుతుంది. అప్పుడు చేసే పనే మీ కాపలాను నిలబెడుతుంది, లేదా కూల్చేస్తుంది. ఉదాహరణకు ఫోను నుంచి ఫోటోలు పంపుకోవడానికి కేడీఈ కనెక్ట్ వాడుతున్నారనుకోండి. ఫైర్‌వాల్ ఆన్ చేయగానే ఫోను కనిపించడం మానేస్తుంది. చాలామంది అక్కడే ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి, ఫోటోలు పంపుకుని, మళ్లీ పెట్టడం మరిచిపోతారు. అలా చేయకండి. కేడీఈ కనెక్ట్‌కి కావలసినవి 1714 నుంచి 1764 దాకా ఉన్న పోర్టులు, అవి మాత్రమే తెరవండి. అదీ లోకమంతటికీ కాదు, మీ ఇంటి యంత్రాలకు మాత్రమే. మీ రౌటరు ఇచ్చే అడ్రసులు 192.168.1 తో మొదలవుతుంటే, నియమం రాసే చోట 192.168.1.0/24 నుంచి అని పెట్టండి. ఇంట్లో రెండో కంప్యూటరులోకి ఎస్‌ఎస్‌హెచ్‌తో వెళ్లేవాళ్లు 22 పోర్టుకూ ఇదే చేయాలి. దూరంగా ఉన్న యంత్రంలో ఎస్‌ఎస్‌హెచ్‌తోనే కూర్చుని ఫైర్‌వాల్ పెడుతున్నట్టయితే, ముందు 22కి దారి ఇచ్చి, ఆ తర్వాతే ఆన్ చేయండి. లేకపోతే ఈసారి తలుపు మీకే మూసుకుపోతుంది.

అంబేడ్కర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలోనో, మెయిన్‌ల్యాండ్ కాలేజీల్లోనో కంప్యూటర్లు చదివే మన పిల్లలకు ఒక మాట. డాకర్ వాడేటప్పుడు అది బయటికి తెరిచే పోర్టులకు తన నియమాలు తానే రాసుకుంటుంది. యూఎఫ్‌డబ్ల్యూ వద్దన్నా అవి తెరిచే ఉంటాయి. కాబట్టి అభ్యాసం కోసం పెట్టుకునే డేటాబేసును 127.0.0.1కే కట్టి ఉంచండి.

తెరిచిన ప్రతి నియమానికీ పక్కన ఒక కామెంట్ రాసుకునే వీలు యూఎఫ్‌డబ్ల్యూలో ఉంది. ఫోను ఫోటోల కోసం, అక్క ప్రింటరు కోసం అని రాసి పెట్టుకోండి. ఆరు నెలల తర్వాత చూసుకున్నప్పుడు అవసరం తీరినవి తీసేయడం తేలికవుతుంది.

ఇంత చెప్పాక ఇంకో నిజం కూడా చెప్పాలి. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం అంటూ వచ్చే ఫోనును ఏ ఫైర్‌వాల్ ఆపదు. వాట్సాప్‌లో వచ్చిన లింకును మీరే నొక్కితే, పుస్తకం ప్రకారం అది మీ పడవే, కాపలావాడు వదిలేస్తాడు. అందుకని అప్‌డేట్లు రాగానే వేసుకోండి. ఉపగ్రహాల రోజుల్లో అప్‌డేట్ అంటే బరువు, ఇప్పుడు కేబుల్ ఉంది కాబట్టి వాయిదా వేయడానికి కారణం లేదు. ముఖ్యమైన ఫైళ్లకు ఇంకో డిస్కులో నకలు ఉంచుకోండి. డబ్బు పోయిందని తెలిస్తే ఒక్క నిమిషం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత త్వరగా చెప్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

చివరగా మిమ్మల్ని ఒకటి కోరతాను. మీ పక్కింట్లోనో, చుట్టాల్లోనో ఎవరైనా కొత్తగా లినక్స్ వేసుకుంటే కాసేపు వాళ్ల దగ్గర కూర్చోండి. జీయూఎఫ్‌డబ్ల్యూ తెరిచి, రెండు పెట్టెల్లో ఏముందో, ఎందుకుందో చెప్పండి. రిపోర్ట్ పలక చూపించి, వాళ్లు అడిగే ప్రశ్నలకు ఓపిగ్గా జవాబివ్వండి. స్విచ్ మాత్రం మీరు నొక్కకండి, వాళ్ల చేతనే నొక్కించండి. తమ చేత్తో పెట్టుకున్న కాపలాను ఎవరూ అంత తేలిగ్గా తీసేయరు.